స్టెన్‌గన్ చరిత్రలో తెలంగాణా పేజీ

తుపాకుల చరిత్ర సాహిత్య విద్యార్థులకు పట్టని విషయమని మనలో ఒక అభిప్రాయం బలంగా వుంది. నాగలి గురించి వ్యాసం రాస్తే జానపద విజ్ఞానం అవుతుంది. మగ్గం గురించి రాస్తే ఆర్థిక చరిత్ర అవుతుంది. తుపాకి గురించి రాస్తే మాత్రం అది మిలిటరీవాళ్ల గొడవ అని పక్కన పెడతారు. ఫలితంగా ఆ చరిత్ర రాసే పని రెండు రకాలవాళ్ల చేతిలో పడింది. ఒకరు రిటైరైన సైనికాధికారులు. రెండోవారు పాత ఆయుధాలు కూడబెట్టే షోకున్న సంపన్నులు. ఈ రెండో రకంవాళ్ల రాతలు ఇటీవల నేను కొంత శ్రద్ధగానే చదివాను.

చదవడానికి ప్రోద్బలం మా పూర్వ విద్యార్థి ఒకడు. మాదాపూర్‌లో కొన్నేళ్లు కంప్యూటర్ ఉద్యోగం చేసి టెక్సాస్ వెళ్లిన కుర్రవాడు. అక్కడ ఆయుధాల సంతలో ఒక స్టెన్‌గన్ చూశాడట. దాని మెడలో వేల డాలర్ల ధర చీటీ వేలాడుతున్నదట. మన సాయుధ పోరాటంలో వాడింది ఇదేనా సార్ అని రాశాడు. అవును అని ఒక్క ముక్కలో జవాబివ్వవచ్చు. ఐతే వాడినది ఎవరు, ఎవరి మీద, ఏ తూటాలతో, అన్న ప్రశ్నలు ఆ అవును వెనకాలే వస్తాయి. ఈ వ్యాసం వాటికోసం.

సేకరణకర్తల పుస్తకాల్లో ఏముంటుంది? మార్క్ 1, మార్క్ 2, మార్క్ 3, మార్క్ 5 అని తరగతులుంటాయి. ఏ కర్మాగారం ముద్ర ఏ భాగం మీద పడింది, పిడి ఇనుప కడ్డీయా చట్రమా కొయ్యా, గొట్టం అసలుదా తరవాత బిగించిందా అన్న చర్చ వుంటుంది. ఈ పాఠభేద పరిశీలన చూస్తే నిజంగా ముచ్చట వేస్తుంది. మన ప్రబంధాల పరిష్కర్తలందరికీ ఇంత ఓపిక వుంటే ఎంత బాగుండేదో! కాని ఆ పుస్తకాల్లో తుపాకి పట్టిన మనిషి లేడు. వుంటే ఒక బ్రిటిష్ పారాట్రూపరు ఫోటో, లేదా ఒక ఫ్రెంచి దేశభక్తుడి ఫోటో. సూర్యాపేట, జనగామ, హుజూర్‌నగర్ వాటిలో కనబడవు.

మొదట ఆ వస్తువు పుట్టుక చూద్దాం. 1940 మే నెలాఖరున, జూన్ మొదట్లో, డన్‌కర్క్ తీరం నుంచి బ్రిటిష్ సైన్యం ప్రాణాలు దక్కించుకుని ఇంటికి చేరింది. ఆయుధాలను మాత్రం చాలా మట్టుకు ఫ్రాన్సులోనే వదిలేసింది. జర్మన్ సైనికుల చేతుల్లో పొట్టి యంత్ర తుపాకులు, అంటే పిస్తోలు తూటాను గుళ్లవానగా కురిపించే సబ్ మెషీన్‌గన్‌లు వున్నాయి. బ్రిటిష్‌వారికి అలాంటి సొంత ఆయుధం లేదు. అమెరికా నుంచి థాంప్సన్ తుపాకులు కొనవలసి వచ్చింది, ఒక్కొక్కటి సుమారు 200 డాలర్లు పెట్టి. అంత సామ్రాజ్యానికీ అది భారమే అయింది. అప్పుడు ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో మేజర్ రెజినాల్డ్ షెపర్డ్, హెరాల్డ్ టర్పిన్ అనే ఇద్దరు కలిసి ఒక కొత్త నమూనా గీశారు. వారి పేర్ల తొలి అక్షరాలు రెండూ, ఎన్‌ఫీల్డ్ తొలి అక్షరాలూ కలిపి స్టెన్ అన్నారు. 1941లో అది కర్మాగారాలకు ఎక్కింది.

దీని విశేషమంతా చవకదనంలో వుంది. ఒక ఇనుప గొట్టం, దానిలో ముందుకూ వెనక్కూ ఆడే బరువైన ఇనుప దిమ్మ, దాన్ని తోసే ఒక స్ప్రింగు, పక్కకు పొడుచుకు వచ్చిన 32 తూటాల మేగజీన్, అతుకు పెట్టిన పిడి. మార్క్ 2లో మొత్తం భాగాలు 47. మీట నొక్కితే దిమ్మ ముందుకు దూకి ఒక తూటాను గొట్టంలోకి నెట్టి పేలుస్తుంది. పేలిన తూటా దెబ్బకే దిమ్మ వెనక్కు వస్తుంది. మీట వదలనంత సేపూ ఇదే పని. నిమిషానికి 500, 550 గుళ్ల వేగం. ఇందులో సన్నపు కమ్మరం లేదు. రేకు వంచి అతికే షెడ్డులన్నిటికీ పని పంచి ఇచ్చారు. మార్క్ 3ను ఎనిమిది లక్షలకు పైగా తయారుచేసినది లైన్స్ బ్రదర్స్ అనే కంపెనీ. అది యుద్ధానికి ముందు పిల్లల ఆటబొమ్మలు చేసేది. ఒక్కొక్క తుపాకికి ఖర్చు పది డాలర్లు, ఆనాటి లెక్కలో రెండున్నర పౌన్లు. అన్ని రకాలూ కలిపి సుమారు 40 లక్షల స్టెన్‌లు పుట్టాయి. బ్రిటిష్ సిపాయిలు దాన్ని చూసి ప్లంబరుకు వచ్చిన పీడకల అని వెక్కిరించారు. వెక్కిరింతకు కారణం లేకపోలేదు. కింద పడితే దానంతటదే పేలేది. కావలసినప్పుడు మొరాయించేది. 1942 మే 27న ప్రాగ్ నగరంలో నాజీ అధికారి హైడ్రిఖ్ కారుకు అడ్డం నిలిచిన యోసెఫ్ గాబ్చిక్ చేతిలో స్టెన్ పేలనే లేదు. పక్కనున్న యాన్ కుబిష్ బాంబు విసిరితేగాని పని కాలేదు.

ఇక్కడ పాఠకులు గుర్తు పెట్టుకోవలసిన సాంకేతిక విషయం ఒకటుంది. స్టెన్‌కు 9 మిల్లీమీటర్ల తూటా ఎంచుకోవడంలో ఒక యుక్తి వుంది. అది జర్మన్లూ వాడే తూటాయే. శత్రువు దగ్గర పట్టుబడిన మందుగుండుతో మన తుపాకి నడవాలి అన్నది లెక్క. అందుకే ఆక్రమిత యూరపులోని దేశభక్తులకు విమానాల నుంచి స్టెన్‌లు జారవిడిచారు. డెన్మార్క్‌లో, పోలండ్‌లో రహస్య కార్ఖానాలలో వాటికి నకళ్లు చేసుకున్నారు కూడా. చివరికి 1945లో, ఓటమి అంచున నిలిచిన నాజీ ప్రభుత్వమే తన ముసలివాళ్లకూ పిల్లలకూ పంచడానికి స్టెన్‌ను కాపీకొట్టింది. సేకరణకర్తలు ఈ కథ ఎంతో ఇష్టంగా చెబుతారు. అంతే ఇష్టంగా చెప్పని కథ ఇంకొకటుంది. 1944 డిసెంబరులో ఏథెన్స్ వీథుల్లో, అప్పటిదాకా జర్మన్లతో పోరాడిన గ్రీకు వామపక్ష గెరిల్లాల మీద బ్రిటిష్ సైన్యం కాల్పులు జరిపింది. ఆ సైన్యంలో భారతీయ దళాలు కూడా వున్నాయి. ప్రజల చేతికి తుపాకి ఇచ్చిన సామ్రాజ్యం, పని తీరగానే ఆ ప్రజల మీదనే తుపాకి ఎత్తింది. తెలంగాణా కథ ఏథెన్స్ కథ కాదు, మనకు తుపాకులు జారవిడిచినవారెవరూ లేరు. ఐనా ఈ రెండు కథల్లోనూ తుపాకి ఎటు తిరిగిందన్నదే అసలు సంగతి.

హైదరాబాదుకు వద్దాం. ఈ నగరంలో ఆయుధం ఎప్పుడూ పాలకుడి కొనుగోలు వస్తువే. అబిడ్స్ దగ్గరి గన్‌ఫౌండ్రీ, పాత నగరవాసుల మాటలో తోప్ కా సాంచా, నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ పెట్టిన ఫిరంగుల కార్ఖానా. 1798లో రేమండ్ చనిపోయాడు. ఆ సంవత్సరమే ఇంగ్లీషువారితో సంధి కుదిరింది, ఫ్రెంచి పటాలాలను రద్దు చేశారు. ఆనాటి నుంచి నిజాం సైన్యానికి ఏ ఆయుధం ఎంత వుండాలో నిర్ణయించేది ఇంగ్లీషువారు. ఊళ్లలో ఆ నమూనాకే చిన్న అచ్చు కనబడుతుంది. తుపాకి గడీలో వుంటుంది. దొర చేతిలో, లేదా దొర జీతగాడి చేతిలో. వెట్టి చేసేవాడి చేతిలో పార, గొడ్డలి, కర్ర.

1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద కాల్చినప్పుడు దొడ్డి కొమరయ్య ఒరిగిపోయాడు. అప్పుడు సంఘంవాళ్ల చేతుల్లో వున్నవి గుత్పలు, వడిసెలలు. ఆడవాళ్ల దగ్గర రోకళ్లు, కారం నీళ్లు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లు సాయుధ పోరాటానికి పిలుపిచ్చిన తరవాత గడీల మీద దాడులు జరిగాయి. దాడికి వెళ్లినవారు తెచ్చుకున్నవి ముఖ్యంగా రెండు, భూమి కాగితాలూ తుపాకులూ. కాగితాలను కాల్చారు. తుపాకులను దాచారు. అవి చాలావరకు బర్మార్లు, అంటే మూతి నుంచి మందు కూరి గజంతో దట్టించే పాత తుపాకులు.

ఈ బర్మారును చూసి నవ్వరాదు. ఒక్క దెబ్బ వేసి మళ్లీ దట్టించేలోగా అవతలివాడు పది దెబ్బలు వేస్తాడు, నిజమే. కాని బర్మారు తిండి ఊళ్లోనే దొరుకుతుంది. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపి మందు నూరగలవాడు ప్రతి తాలూకాలోనూ వుండేవాడు. సీసం కరిగించి గుండ్లు పోసుకోవచ్చు. ఇనుప ముక్కలూ పనికి వస్తాయి. ఊరి కమ్మరి దాన్ని బాగుచేయగలడు. అంటే బర్మారు రైతు ఉత్పత్తి వ్యవస్థలో ఇమిడిపోయిన ఆయుధం. స్టెన్ అలాంటిది కాదు. దాని గొట్టాన్ని ఊరి కమ్మరి అతకగలడేమో, దాని తూటాను మాత్రం చేయలేడు. ఇత్తడి గుల్లను సరిగ్గా కొలతకు లాగాలి, కింద పేలుడు టోపీ అమర్చాలి. అది పెద్ద పరిశ్రమ పని. మీట ఒక్కసారి పట్టి నొక్కితే 32 తూటాలూ మూడున్నర సెకన్లలో అయిపోతాయి. అంత తిండి తినే తుపాకికి తిండి పెట్టగలది రాజ్యం ఒక్కటే.

రాజ్యం ఆ తిండికోసం చేసిన ఖర్చు సంగతి వినదగినది. 1947 నవంబరు 29న ఇండియాతో యథాతథ ఒప్పందం కుదుర్చుకున్న నిజాం ప్రభుత్వం ఆ గడువులోనే బయటి నుంచి ఆయుధాలు తెప్పించుకునే ప్రయత్నాలు చేసింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానికుడు, యుద్ధకాలంలో ఆకాశం నుంచి ఫోటోలు తీయడంలో పేరుమోసినవాడు, 1948 వేసవి నుంచి లాంకాస్ట్రియన్ విమానాలలో కరాచీ నుంచి రాత్రివేళ ఎగిరివచ్చి బీదరులోనూ వరంగల్లులోనూ ఆయుధాల పెట్టెలు దించాడు. తరవాత లండన్ కోర్టు అతనికి 200 పౌన్ల జరిమానా వేసింది. ఒక థాంప్సన్ తుపాకి ధర 200 డాలర్లని పైన చెప్పాను. జరిమానా అలాంటివి నాలుగు కొనేపాటి సొమ్ము.

దీనికి తోకగా ఇంకొక డబ్బు కథ వుంది. పోలీసు చర్య జరుగుతున్న రోజుల్లోనే, 1948 సెప్టెంబరులో, హైదరాబాదు ఖజానా నుంచి 10 లక్షల 7 వేల 940 పౌన్లు లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ పేర బ్యాంకులో జమ అయ్యాయి. ఆ డబ్బు మీద డెబ్భై ఏళ్లు దావా నడిచింది. ఆయుధాల సరఫరా కోసం ఇచ్చినదే అది అని పాకిస్తాన్ తరఫున వాదించారు. కోర్టు ఆ వాదన ఒప్పుకోక, 2019 అక్టోబరు 2న డబ్బు భారతదేశానికీ నిజాం వారసులకూ చెందుతుందని తీర్పు చెప్పింది. వడ్డీలతో అది అప్పటికి సుమారు మూడున్నర కోట్ల పౌన్లయింది. తీర్పు సంగతి అలా వుంచి, స్టెన్‌గన్ కర్మాగార ఖర్చుతో భాగించి చూడండి: అసలు మొత్తానికి నాలుగు లక్షల స్టెన్‌లు వస్తాయి. ఎవరూ అన్ని కొనలేదు, కొనడానికి దారీ లేదు. కాని లెవీ గింజలు కొలిచిన రైతు చెమట ఎంత మందుగుండుకు సమానమో తెలియడానికి ఈ లెక్క పనికి వస్తుంది.

అప్పటి నిజాం సైన్యం 22 వేలు. ఖాసిం రజ్వీ రజాకార్లు రెండు లక్షలని చెప్పుకునేవారు. వారిలో నాలుగో వంతు చేతుల్లోనే ఆధునికమైన చిన్న ఆయుధాలున్నాయి, మిగిలినవారివి కత్తులూ బర్మార్లే. నిరాయుధులైన ఊళ్లను తగలబెట్టడానికి అవి చాలాయి. 1948 సెప్టెంబరు 13న మేజర్ జనరల్ చౌధురి నాయకత్వాన భారత సైన్యం వచ్చినప్పుడు అయిదు రోజులైనా పట్టలేదు. 17న నిజాం లొంగిపోయినట్టు ప్రకటించాడు, 18న జనరల్ ఎల్ ఎద్రూస్ కత్తి దించాడు.

మన పాఠ్యపుస్తకాలు ఇక్కడ అధ్యాయం ముగిస్తాయి. సేకరణకర్తల పుస్తకాల్లో ఐతే అధ్యాయమే లేదు. తుపాకి ఇక్కడ ఆగలేదు. సైన్యం వచ్చిన తరవాతి వారాల్లో మరట్వాడా, కర్ణాటక జిల్లాలలో ఎక్కువగా ముస్లిం ప్రజానీకం మీద జరిగిన మారణకాండను విచారించిన సుందర్‌లాల్ కమిటీ, చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల వరకు వుంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి బయటికి రాలేదు. నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో సైన్యమూ, దాని వెంట వచ్చిన సాయుధ పోలీసులూ సంఘం ఊళ్ల మీద పడ్డారు. ఊళ్లు వదిలి పారిపోయిన దేశ్‌ముఖ్‌లు గాంధీ టోపీ పెట్టుకుని జీపుల వెనక తిరిగి వచ్చారు. బ్రెన్‌గన్‌లు, స్టెన్‌గన్‌లు, 303 రైఫిళ్లు, అన్నీ బ్రిటిష్‌వారు వదిలి వెళ్లిన సామాను. రజాకారును ఓడించిన తుపాకి అదే సెలవులో రైతు మీదికి తిరిగింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు వచ్చింది, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. ఈ రెండూ పోరాటం వల్ల వచ్చినవే. ఐతే చట్టం వచ్చిన ఏడాదిలోనే, చట్టం ఇస్తానన్న భూమిని ముందే పంచుకున్నవారిని కాల్చడం కూడా సాగింది.

సుందరయ్యగారు తన గ్రంథంలో ఇచ్చిన లెక్కలు మనవారికి కొత్త కాదు: మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాల పంపకం, పదివేల మంది గ్రామ దళ సభ్యులు, రెండు వేల మంది గెరిల్లాలు, నాలుగు వేల మంది అమరులు. ఆ రెండు వేల గెరిల్లాల చేతిలో ఏముంది అన్న ప్రశ్నతో ఈ లెక్కను మళ్లీ చదవాలని నా మనవి. మలి దశలో పోలీసుల దగ్గరా సైన్యం దగ్గరా చేజిక్కించుకున్నవాటిలో స్టెన్‌గన్‌లు కూడా వున్నాయని పోరాట జ్ఞాపకాలు చెబుతాయి. దళానికి ఒక స్టెన్ దొరకడం పండుగే. కాని పైన చెప్పిన తూటా లెక్క దాని వెంటే వస్తుంది. యూరపులోని దేశభక్తుడికి ఆకాశం నుంచి తూటాలు పడ్డాయి. చైనా గెరిల్లాకు వెనక విశాలమైన విముక్త ప్రాంతమూ, చివరి దశలో స్నేహ దేశపు సరిహద్దూ వున్నాయి. మన దళానికి తూటా కావాలంటే మళ్లీ ఒక పోలీసు శిబిరం మీద పడాలి. ఆ దాడిలో సంపాదించిన తూటాలకన్నా ఖర్చయినవి ఎక్కువైతే తుపాకి ఇనుప కడ్డీతో సమానం.

1951 ఆరంభంలో రాజేశ్వరరావు, బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్‌లు మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలుసుకున్నప్పుడు చర్చకు వచ్చిన అంశాల్లో ఇదీ ఒకటి. చైనా గెరిల్లాలకు వున్నట్టు నమ్మకమైన వెన్నుదన్ను మీకు ఎక్కడ వుందని ఆయన అడిగాడు. ఆ ఏడాది అక్టోబరులో పోరాటం విరమించారు. విరమణ సరా కాదా అన్న తగవు మన పత్రికల్లో చాలాసార్లు వచ్చింది, ఇక్కడ తిరగదోడను. దాని రాజకీయ కారణాలు రాజకీయ కారణాలే. తూటా లెక్కను వాటి కింద పూర్తిగా కప్పేయడం మాత్రం మన చరిత్ర రచనలోని లోపమని నా అభిప్రాయం. తీర్మానాల భాష మీద పేజీలకు పేజీలు రాశాం. సరఫరా మీద ఒక పేజీ అయినా రాయలేదు.

సాహిత్యంలో కూడా ఇదే తీరు. పోరాటం మీద వచ్చిన గొప్ప కావ్యానికి ఆవంత్స సోమసుందర్ 1949లో పెట్టిన పేరు వజ్రాయుధం. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. వజ్రాయుధం దధీచి వెన్నెముకతో చేసింది, త్యాగం ఆయుధమైన కథ అది. కావ్యానికి అంతకన్నా తగిన పేరు లేదు. కాని నేలమీది ఆయుధం ఆటబొమ్మల కంపెనీ అతికిన రేకు గొట్టం. ఈ రెండింటి మధ్యనున్న దూరాన్ని మన కవిత్వం పెద్దగా పట్టించుకోలేదు. తుపాకి మనకు ఎక్కువగా ప్రతీక అయింది. దానికి నూనె రాసినవారు, అన్నం మూట అడుగున తూటాలు పెట్టి పోలీసుల ముందు నుంచి నడిచి వెళ్లినవారు వచన సాహిత్యంలో కూడా పక్క పాత్రలే. 1986లో వచ్చిన మనకు తెలియని మన చరిత్ర అన్న పుస్తకం ఆ లోటు కొంత తీర్చింది. అందులో మాట్లాడిన స్త్రీలకు తుపాకి ప్రతీక కాదు, బరువు. ఎత్తుకుని నడిచినవారికే ఆ తేడా తెలుస్తుంది. మల్లు స్వరాజ్యం తన జ్ఞాపకాలకు నా మాటే తుపాకీ తూటా అని పేరు పెట్టుకున్నారు. ఆమె 2022 మార్చిలో కన్నుమూశారు. ఆ తరంలో ఇంక మిగిలినవారు బహు తక్కువ.

స్టెన్ ఆ తరవాత కూడా మన వీథుల్లో చాలాకాలం తిరిగింది. 1953లో బ్రిటిష్ సైన్యం దాని స్థానంలో స్టెర్లింగ్‌ను తీసుకున్నది. 1960లలో మన కాన్పూరు ఆయుధ కర్మాగారం ఆ స్టెర్లింగ్‌నే కార్బైన్ పేరుతో తయారుచేయడం మొదలుపెట్టింది. పోలీసుల చేతుల్లోకి కొత్త తుపాకి వచ్చినా జనం నాలుక మీద పాత పేరే నిలిచింది. తెలుగు దినపత్రికల్లో పక్కకు మేగజీన్ వున్న పొట్టి తుపాకి ఏదైనా స్టెన్‌గనే. భాషాశాస్త్ర విద్యార్థులకు ఇది చిన్న ఉదాహరణ: దెబ్బ తిన్నవాడికి మార్కు నంబరుతో పనిలేదు.

ఇక సేకరణ మాట. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం గుళ్లవాన కురిపించే తుపాకి నిషిద్ధ ఆయుధం. ఎంత డబ్బున్నా మామూలు పౌరుడు దాన్ని ఇంట్లో పెట్టుకోరాదు. అది మంచిదే. అమెరికాలో 1934 చట్టం దానిమీద 200 డాలర్ల పన్ను వేసింది. 1986 చట్టం అప్పటికే నమోదైన తుపాకులు తప్ప కొత్తవి పౌరుల చేతికి పోరాదన్నది. అంచేత అమ్మకానికి వున్న స్టెన్‌ల సంఖ్య ఇక పెరగదు. పది డాలర్ల వస్తువు వేల డాలర్లయింది. అర్థశాస్త్రం చదివే విద్యార్థులకు ఇంతకన్నా సులువైన పాఠం చెప్పలేం: ఉపయోగ విలువ పూర్తిగా పోయిన తరవాతే దీని వినిమయ విలువ కొండెక్కింది. అక్కడి కొనుగోలుదారుడు కొనేది ఆయుధాన్ని కాదు, కొరతను.

నేను పాఠం చెప్పే కాలేజీకి కొద్ది దూరంలో సైబర్ టవర్స్ వుంది. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి ప్రారంభించిన భవనం. 1948లో ఈ చుట్టుపక్కల ఊళ్లు నగరాన్ని చుట్టివున్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలోవి. నిజాం సొంత సర్ఫెఖాస్ భూములూ, పాయిగా అమీర్ల భూములూ అల్లుకున్న ప్రాంతం. మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి భూముల మీద కోర్టులలో తగాదాలు నడిస్తే ఆ పాత కాగితాలే బయటికి వస్తాయి. 2025 వసంతంలో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం హైదరాబాదు విశ్వవిద్యాలయం విద్యార్థులు నిలబడినప్పుడు, సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపినప్పుడు, భూమి ప్రశ్న ఈ అద్దాల మేడల నీడలో కూడా పాతబడలేదని తెలిసింది. గడీల నుంచి రైతులు తెచ్చి కాల్చినది ఇలాంటి కాగితాలనే.

ఈ మేడల్లోనే మా విద్యార్థులు కొందరు విదేశీ కంపెనీల యుద్ధపు ఆటలకు బొమ్మలు చెక్కుతారు. స్టెన్‌గన్ స్ప్రింగు, మేగజీన్ మీది గీత, రంగు లేచిన చోటు, అన్నీ తెర మీద అచ్చుగుద్దినట్టు వస్తాయి. వారిలో ఒకరిద్దరు భువనగిరివారు, మోత్కూరువారు. తాత దళంలో వుండేవాడని ఒకడు నాతో అన్నాడు. తుపాకిలోని 47 భాగాలూ వాడికి తెలుసు, తాత ఏ దళమో తెలియదు. తప్పు వాడిది కాదు. వాడికి తుపాకి గురించి చెప్పడానికి ఇంగ్లీషులో వంద పుస్తకాలున్నాయి. తాత దళం గురించి చెప్పే పుస్తకం అచ్చులో లేదు.

ఇదే నగరంలోని లోకేష్ మెషీన్స్ అనే కంపెనీ అస్మి అన్న సబ్ మెషీన్‌గన్ తయారు చేస్తున్నది. 2021లో బయటపెట్టిన దేశీయ నమూనా అది. 2024లో సైన్యపు ఉత్తర కమాండ్ 550 అస్మిలకు ఆర్డరిచ్చింది. రేకు వంచి అతికే కాలం పోయింది, లోహపు పొడిని పొరలు పొరలుగా పేర్చి మీట భాగాలు చేస్తున్నారు. తూటా మాత్రం అదే 9 మిల్లీమీటర్లది. ఎనభై ఏళ్ల కింద ఇంగ్లీషువారు శత్రువు సంచి చూసి ఎంచుకున్న తూటా.

ఏటా సెప్టెంబరు 17 వస్తుంది. 2022లో కేంద్ర ప్రభుత్వం దాన్ని విమోచన దినమన్నది, రాష్ట్ర ప్రభుత్వం సమైక్యతా దినమన్నది. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమన్నది. పేరు ఏదైనా కవాతు ఒకటే, సెల్యూట్ ఒకటే. 1948 సెప్టెంబరు 18 ఉదయం నుంచి 1951 అక్టోబరు దాకా తుపాకి ఎటు తిరిగి వున్నదో ఏ వేదిక మీదా ఎవరూ చెప్పరు. ఆ మూడేళ్లను కలుపుకుంటే దినానికి పేరు పెట్టడం కష్టమవుతుంది మరి.

వేసవి సెలవుల్లో ఊళ్లకు పోయే విద్యార్థులు చేయగల పని ఒకటుంది. పోరాటంలో పాల్గొన్నవారు చాలామంది లేరు, వారి కొడుకులూ కోడళ్లూ వున్నారు. సాధారణంగా మనం వెళ్లి, ఎందరిని కాల్చారు, ఎంత భూమి పంచారు అని అడిగి తిరిగి వస్తాం. వాటితో పాటు తుపాకి సంగతి అడగండి. బర్మారు మందు ఎవరు నూరేవారు, ఏ కులంవారు, సూరేకారం ఎక్కడ దొరికేది? కమ్మరి ఇంటి పేరేమిటి, పోలీసులు అతన్ని ఏం చేశారు? స్టెన్ చేజిక్కినప్పుడు దాన్ని విప్పి బిగించడం ఎవరు నేర్పారు, పటాలంలో పనిచేసి వచ్చినవారెవరైనా వున్నారా? తూటాలు దాచిన చోటు ఇల్లా, బావి దరా, గడ్డివామా, దానికి కాపలా వున్నది ఎవరు? చెప్పినవారి మాటను చెప్పినట్టే, వారి యాసలోనే రాసుకోండి. మార్కు నంబరు వారికి గుర్తుండదు, అడగనక్కరలేదు.